నోరున్న పిల్ల పెళ్లి

ప్రశ్న (ఉత్తరం పెద్దది కనుక కుదించి ఇస్తున్నాం):

అమ్మా, నమస్కారం. మాది పుత్తూరు దగ్గర ఒక పల్లె. నాకు 26 ఏళ్లు. తిరుపతిలో ఒక జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఈసారి వార్షికోత్సవానికి అధ్యాపకులమే షేక్‌స్పియర్ హాస్య నాటకం ‘మచ్ అడో అబౌట్ నథింగ్’ను తెలుగు చేసుకొని వేస్తున్నాం. నాకు బియాట్రిస్ వేషం ఇచ్చారు. నువ్వు నటించనక్కరలేదు, మామూలుగా మాట్లాడితే చాలు అని అందరూ నవ్వారు. మొదట నేనూ సంతోషించాను. సాధన మొదలయ్యాక మనసు స్థిమితంగా లేదు. మగవాడు ప్రేమిస్తున్నానని ఒట్టు పెడుతుంటే వినడం కన్నా మా కుక్క కాకిని చూసి మొరుగుతుంటే వినడం నయం అన్న మనిషి, చివరికి పెళ్లికి ఒప్పుకొంటుంది. పైగా ఆఖరి రంగంలో ముద్దుతో ఆమె నోరు మూయిస్తారు. అంతవరకు ఆమె అన్నవన్నీ అబద్ధాలేనా? ఆమె ఓడిపోయినట్టేనా?

ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. వచ్చే నెలలో బెంగళూరు నుంచి ఒకరు చూడడానికి వస్తారు. నోరు మంచిదైతే ఊరు మంచిది, ఆ ఒక్క గంట తల వంచుకొని కూర్చో అంటుంది మా పెద్దమ్మ. ఇక ఆమె చివరికి పెళ్లాడే బెనెడిక్ వేషం వేస్తున్నది మా లెక్కల మాస్టారు. మూడేళ్లుగా ఆయనకూ నాకూ మాటల యుద్ధమే. ఈమధ్య స్టాఫ్ రూములో అందరి ముందు ఆయన ఇంగ్లీషు ఉచ్చారణ మీద ఒక మాట అన్నాను. అందరూ నవ్వారు. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయనకు నువ్వంటే ఇష్టం అని ఒక తోటి అధ్యాపకురాలు చెబుతోంది. నాకు నమ్మాలని లేదు. చదువుకునే రోజుల్లో ఒకసారి నమ్మి దెబ్బ తిన్నాను. నేను మారాలా?

ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

తల్లీ! బియాట్రిస్ రంగం మీద మొదటిసారి నోరు తెరిచి అడిగేది ఏమిటో మీ ప్రతి తీసి ఒకసారి చూసుకో. యుద్ధం ముగిసింది, సైన్యం ఇటలీలోని మెస్సీనాకు వస్తోంది అని దూత వార్త తెచ్చాడు. ఆమె పెరిగిన ఇంటి పెద్ద లియొనాటో ఎంతమంది పోయారని అడిగాడు. బియాట్రిస్ మాత్రం ఒక్క మనిషి గురించే అడుగుతుంది. అదీ అసలు పేరుతో కాదు, కత్తిసాములో ఒక పోటు పేరు పెట్టి, ఆ దొరగారు తిరిగి వచ్చారా లేదా అని. దూతకు ఎవరో తెలియలేదు. పక్కనున్న హీరోకు చప్పున తెలిసింది: మా అక్క అడుగుతున్నది బెనెడిక్ గురించి అని. (ఈ నాటకంలో హీరో అనేది ఆడపిల్ల పేరు, లియొనాటో కూతురు, బియాట్రిస్‌కు చెల్లెలి వరస.) ఆ తరువాత అతన్ని ఎంత తిట్టినా, ప్రాణాలతో వచ్చాడా అన్నదే ఆమె మొదటి ప్రశ్న.

నీ అసలు ఉత్తరం నాలుగు పేజీలు. బెంగళూరు సంబంధం గురించి అందులో మూడు వాక్యాలున్నాయి. ఆయన ఏం చదివాడో, ఏం చేస్తాడో కూడా రాయలేదు. లెక్కల మాస్టారి గురించి రెండు పేజీలకు పైగా ఉంది. అది ప్రేమ అని నేను తీర్పు చెప్పడం లేదు. ఆ మాట చెప్పే హక్కు నీకు తప్ప ఎవరికీ లేదు, నీ తోటి అధ్యాపకురాలికి కూడా. రాసింది నువ్వే కనుక ఒకసారి తిరిగి చదువుకో.

ఇప్పుడు నువ్వు అడిగిన ప్రశ్న. ఆమె అన్నవన్నీ అబద్ధాలా అన్నావు. ఒక్కటి కూడా అబద్ధం కాదు. నేను 30 ఏళ్లకు పైగా ఈ ఊళ్లో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ఈ నాటకం చెప్పిన ప్రతిసారీ పిల్లలు బియాట్రిస్ చతురోక్తులన్నిటికీ నవ్వేవారు. ఒక్కచోట మాత్రం ఎవరూ ఆగేవారు కాదు. రెండో అంకం మొదటి రంగంలో, సైన్యంతో వచ్చిన ప్రభువు డాన్ పెడ్రో, నువ్వు బెనెడిక్ హృదయాన్ని పోగొట్టుకున్నావమ్మా అంటాడు. ఆమె జవాబు ఇది: అవును ప్రభూ, కొంతకాలం ఆయన తన హృదయాన్ని నాకు అప్పుగా ఇచ్చారు, నేను వడ్డీ కట్టాను, ఒక్కదానికి రెండు, అంతకు ముందొకసారి మోసపు పాచికలు వేసి నా దగ్గర గెలుచుకున్నారు కూడా. అంతే. మాట మారిపోతుంది. ఆ పాత కథ ఏమిటో నాటకం మళ్లీ ఎక్కడా చెప్పదు. జనమంతా వినోదంలో ఉన్న రాత్రి, నలుగురి ముందు, నవ్వుతూ అన్న మాట అది. ఆ అప్పు, వడ్డీ, పాచికల మాటలను తీసి చూస్తే లోపల ఉన్నది నీ ఉత్తరంలో చివరి ముందు వాక్యమే. సాధనలో ఈ చోటును నవ్వు కోసం వేగంగా లాగించేయకండి. పాచికలు అన్న మాట తరువాత ఒక్క ఊపిరి ఆగు.

ఆమెకు పెళ్లి మీద ఉన్న అభ్యంతరాలు కూడా జాగ్రత్తగా చూడు. మగవాళ్లంటే గిట్టక అన్నవి కావు, చాలా కచ్చితమైనవి. గడ్డం ఉన్నవాడు మరీ పెద్దవాడు, లేనివాడు మగవాడే కాదు అన్నది సరదా మాట, దాన్ని వదిలేద్దాం. మట్టితో చేసిన మనిషి ముందు ఆడది లొంగి ఉండాలా, ఒక మట్టిబెడ్డకు తన బతుకు లెక్కంతా అప్పజెప్పాలా అన్నది మాత్రం సరదా కాదు. ప్రేమ వద్దని ఆమె అనలేదు. లెక్క అప్పజెప్పే బతుకు వద్దంది. నాటకం రాసింది 1598, 1599 ప్రాంతంలో, అచ్చయింది 1600లో. ఏం కొన్నావు, ఎవరితో మాట్లాడావు, ఎందుకు ఆలస్యమైంది అని ఇవాళ్టికీ ఎన్ని ఇళ్లలో ఆ లెక్క అడుగుతున్నారో నీకు తెలుసు, నాకూ తెలుసు.

అదే రంగంలో హీరోను, నువ్వు మీ నాన్న చెప్పినట్టే నడుచుకుంటావు కదా అని పెద్దవాళ్లు అడుగుతారు. హీరో పలకదు. ఆమె బదులు బియాట్రిస్ జవాబు చెబుతుంది: మా చెల్లెలి ధర్మం వంగి దండం పెట్టి ‘నాన్నా, మీ ఇష్టం’ అనడమే, అయినా చెల్లీ, వచ్చేవాడు అందగాడైతేనే సుమా, కాకపోతే ఇంకొక దండం పెట్టి ‘నాన్నా, నా ఇష్టం’ అను. ఈ ఒక్క వాక్యం కోసం మీ పెద్దమ్మగారిని ప్రదర్శనకు తీసుకురా. ఆవిడ నవ్వుతుందనే నా నమ్మకం. ఆవిడకూ ఒకప్పుడు ఇరవై ఏళ్లుండేవి.

పెద్దమ్మగారి సలహా విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం హీరో. తల వంచుకొని కూర్చున్న పిల్ల. ఆమెను కోరినవాడు క్లాడియో. ఆమె నచ్చింది అని చెప్పాక అతను అడిగే మొదటి సంగతి ఏమిటో తెలుసా? లియొనాటోకు కొడుకులున్నారా అని. లేరు, ఈమె ఒక్కతే వారసురాలు అని డాన్ పెడ్రో చెబుతాడు. మన దగ్గర ‘ఒక్కతే కూతురా?’ అని అడిగే ప్రశ్నే అది, అక్షరం మారలేదు. కట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది, ఆ ప్రశ్న మాత్రం మర్యాద బట్టలు కట్టుకొని ఇంకా ఇళ్లకు వస్తూనే ఉంది. తరువాత ఆమెతో ప్రేమ మాట కూడా క్లాడియో తనంతట తాను చెప్పడు. ముసుగుల నాట్యం రాత్రి డాన్ పెడ్రో అతని వేషంలో వెళ్లి మాట్లాడి సంబంధం ఖాయం చేస్తాడు. హీరో, క్లాడియో ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకున్న ఘట్టం పెళ్లికి ముందు మనకు కనిపించదు. అలాంటి పెళ్లి నిలబడేది దేని మీద? విన్నదాని మీద. అందుకే ఒక దుర్మార్గుడు రాత్రిపూట కిటికీ దగ్గర ఒక నాటకం ఆడించి, అదిగో నీ పెళ్లికూతురు అని దూరం నుంచి చూపిస్తే క్లాడియో నమ్మేశాడు. ఆమెను ఒక్క మాట అడగలేదు. తెల్లవారాక చర్చిలో, అందరి ముందు ఆమెను కులట అని నిందించాడు. కన్నతండ్రి కూడా నమ్మాడు. చచ్చిపోతే బాగుండును అన్నాడు.

ఇందులో హీరో తప్పు రవ్వంత లేదు. నెమ్మదితనం నేరం కాదు. నేను చెప్పేది వేరు. తల వంచుకొని కూర్చుంటే ఆడపిల్లకు రక్షణ అని మన ఇళ్లలో గట్టిగా నమ్ముతారు. ఈ నాటకంలో దెబ్బంతా పడింది ఆ వంచిన తల మీదే.

1978లో నా పెళ్లిచూపులు తిరుచానూరు దారిలో మా మేనమామ ఇంట్లో జరిగాయి. ఒక పాట పాడాను, కాఫీ ఇచ్చాను. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మంచి మనిషే దొరికారు, అది నా అదృష్టం. కాని ఆయన దేనికి నవ్వుతారో, దేనికి నొచ్చుకుంటారో నాకు, నేను ఎలాంటిదాన్నో ఆయనకు తెలియడానికి ఆరేడేళ్లు పట్టింది. ఆ ఏళ్లను తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. మాట్లాడుకొని ఉంటే ఆ ఏళ్లు మావి అయ్యేవి.

ఇక చర్చి రంగం దగ్గరికి వద్దాం. నా దృష్టిలో నాటకానికి గుండెకాయ అదే. అందరూ వెళ్లిపోయాక బియాట్రిస్, బెనెడిక్ మిగులుతారు. అతను మొదట అడిగేది: ‘ఇంతసేపూ ఏడుస్తూనే ఉన్నావా?’ ఆమె: ‘ఇంకా కాసేపు ఏడుస్తాను కూడా.’ మూడు అంకాలుగా ఆమె మాటకు మాట విసిరిన మనిషి ఇక్కడ మాట విసరడు. ప్రేమిస్తున్నానని చెబుతాడు. ఆమె కూడా చెబుతుంది: నా గుండె అంతా నిన్ను ప్రేమించడానికే సరిపోయింది, కాదని వాదించడానికి ఏమీ మిగల్లేదు అని. ఆ వెంటనే, ఏం చేయమంటావో చెప్పు అని అతను అడిగితే, ‘క్లాడియోను చంపు’ అంటుంది. ఇక్కడ ప్రేక్షకులు నవ్వే ప్రమాదం ఉంది, ఎన్నో ప్రదర్శనల్లో నవ్వారు. ఆ నవ్వు రాకుండా చూసుకోవడం నీ బాధ్యత. బెనెడిక్ మొదట కుదరదంటాడు. క్లాడియో అతని ప్రాణస్నేహితుడు మరి. ఆమె వెళ్లిపోబోతుంది. అప్పుడతను ఒక్క ప్రశ్న వేస్తాడు: ‘క్లాడియో హీరోకు అన్యాయం చేశాడని నీ ఆత్మసాక్షిగా నమ్ముతున్నావా?’ ఆమె: ‘నాకు ఆత్మ ఉందన్నది ఎంత నిజమో ఇదీ అంతే నిజం.’ అతను: ‘అయితే చాలు.’

చూశావా తల్లీ. క్లాడియో కళ్లతో చూశాననుకొని, చెవులతో విని, పెళ్లికూతుర్ని నమ్మలేదు. బెనెడిక్ ఏమీ చూడలేదు, ఏ వాకబూ చేయలేదు. ఆమె మాట ఒక్కటే విని, స్నేహితులను వదిలి ఆమె పక్కన నిలబడ్డాడు. బియాట్రిస్ పెళ్లికి ఒప్పుకొన్నది ఈ మనిషికి. హాస్య నాటకం కనుక చివర పెళ్లి పెట్టారని సరిపెట్టుకోవద్దు. బతుకు లెక్క అప్పజెప్పించుకోవాలని చూసే మట్టిబెడ్డ కాదు ఇతను. ఆమె మాటను లెక్కలోకి తీసుకున్నవాడు. ఆమె మొదట పెట్టిన అభ్యంతరం అలాగే ఉంది, అది వర్తించని మనిషి దొరికాడు. దీన్ని ఓటమి అని నేను అనలేను.

అదే రంగంలో, నేను మగవాడినై ఉంటే నడిబజారులో వాడి గుండె నమిలేదాన్ని అంటుంది బియాట్రిస్. ఈ మాట చెప్పేటప్పుడు ఇంగ్లండును, ఇటలీని తలచుకోనక్కరలేదు. నువ్వు ఉంటున్న ఊరు తాతయ్యగుంట గంగమ్మ ఊరు. ఆడపిల్లలను చెరబట్టిన పాలెగాణ్ని గంగమ్మ వేషాలు మార్చుకుంటూ వెతికి, దొర వేషంలో వెళ్లి చంపిందని కదా కథ. ఏటా మే నెలలో ఎనిమిది రోజుల జాతరలో మగవాళ్లు చీరలు కట్టుకొని మొక్కు తీర్చుకుంటారు. వాణ్ని చంపాక వాడి భార్యను ఓదార్చడానికి అమ్మవారే మాతంగి వేషంలో వెళ్లిందని కూడా చెబుతారు. కోపం, కరుణ ఒకే రూపంలో. ఆ రంగంలో బియాట్రిస్ ఏడుపూ కోపమూ అలా కలిసే ఉన్నాయి. ఒక చెల్లెలి కోసం వచ్చిన కోపం అది.

మన సాహిత్యంలో ఈమెకు దగ్గరి మనిషి ఎవరని అడిగితే గురజాడవారి ‘కన్యాశుల్కం’లో మధురవాణిని చెబుతాను. అంత పదునైన మాట, అంత జాగ్రత్త. ఆవిడ తన తెలివిని ఖర్చుపెట్టినది కూడా సుబ్బి అనే చిన్నపిల్లను ముసలివాడికి కట్టబెట్టకుండా ఆపడానికే. కాని ఆ నాటకం చివర మధురవాణికి పెళ్లి లేదు. వేశ్య కనుక లోకం ఇవ్వలేదు, గురజాడ కూడా అబద్ధంగా ఇవ్వలేదు. ఆ నాటకం మొదట 1892లో ఆడారు. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ ముగింపు దగ్గర నాకు గొంతు పూడుకుపోతుంది.

నువ్వు మారాలా అని అడిగావు. తోట రంగంలో బియాట్రిస్ చాటుగా వింటుంది. హీరో, ఆమె చెలికత్తె అర్సులా కావాలనే ఆమె చెవిన పడేట్టు మాట్లాడుకుంటారు. బెనెడిక్ నీకోసం చచ్చిపోతున్నాడన్నది కల్పన, నిజమే. కాని వాళ్లు ఆమెను పొగడలేదు. గర్విష్ఠి, ఎదుటివాళ్లలో మంచిని చూడలేదు, ఏ మగవాణ్నయినా తిప్పి రాసేస్తుంది అన్నారు. అంత మాటకారి, బయటికి వచ్చి ఒక్క ఎదురుమాట అనలేదు. నా చెవులు మండుతున్నాయి, ఇది నిజమా, నన్ను ఇంత గర్విష్ఠి అనుకుంటున్నారా అని తనను తాను అడుగుతుంది. అంతవరకు వచనంలో గడగడా మాట్లాడిన మనిషి అక్కడ పది పంక్తుల పద్యంలోకి మారుతుంది, ప్రాసలతో సహా. మీ తెలుగు ప్రతిలో అది కూడా వచనంగానే ఉంటే, దయచేసి మీ తెలుగు అధ్యాపకుల చేత రెండు తేటగీతులు రాయించండి. ఆమె లోపల ఏదో మారిందని ప్రేక్షకుడి చెవికి తెలియాలి.

స్టాఫ్ రూము సంగతి ఇక్కడే చెప్పాలి. ముసుగుల నాట్యంలో బియాట్రిస్ బెనెడిక్‌ను రాజుగారి విదూషకుడు, వట్టి మొద్దు అంటుంది. అతను తరువాత ఎంత గిలగిలలాడాడో చూడు. ఆమె మాటలు బాకులు, ప్రతి మాటా పొడుస్తుంది అంటాడు. మిగతా వేళాకోళానికంతటికీ దీటుగా జవాబిచ్చినవాడు దీనికి ఇవ్వలేకపోయాడు. నీ లెక్కల మాస్టారు రెండు రోజులు మౌనంగా ఉన్నది అందుకే. మనిషి గర్వం మీద, వాదన మీద, వేసుకున్న చొక్కా మీద ఎన్ని మాటలైనా విసురు, ఆయన తిప్పి విసరగలడు. పల్లెటూరి బడిలో చదివి తెచ్చుకున్న ఉచ్చారణ మీద, ఇంగ్లీషు చెప్పే నువ్వు, నలుగురి ముందు మాట అంటే ఆయన దగ్గర జవాబు ఉండదు. నువ్వూ పుత్తూరు దగ్గరి పల్లె నుంచే వచ్చావు. ఇది తప్పు. వెళ్లి క్షమాపణ అడుగు. చతురంగా అడగకు, నవ్వించకు. ‘ఆ మాట అనకుండా ఉండాల్సింది, తప్పయింది’ అంటే చాలు. ఆయనకు నువ్వంటే ఇష్టం ఉన్నా లేకపోయినా అడగాలి. నీలో మారాల్సింది ఏదైనా ఉంటే నాకు కనిపించింది ఇదొక్కటే. నీ నోరు కాదు.

బెంగళూరు అబ్బాయి వచ్చిన రోజున కూడా నీలాగే మాట్లాడు. మీ ఇద్దరికీ విడిగా అరగంట మాట్లాడుకునే వీలు కావాలని ముందే మీ నాన్నగారితో చెప్పు. ఉద్యోగం మానమంటారా, జీతం ఎవరి చేతిలో ఉంటుంది, అమ్మానాన్నలకు డబ్బు పంపితే అభ్యంతరమా, ఇవన్నీ అడుగు. ఒక నవ్వు మాట కూడా అను. దానికి ఆయన నవ్వాడా, తిప్పి ఒకటి అన్నాడా, లేక నవ్వు ఆపి వాళ్ల అమ్మగారి వైపు చూశాడా గమనించు. నచ్చకపోతే ఎలా చెప్పాలో కూడా బియాట్రిస్ దగ్గర నేర్చుకోవచ్చు. డాన్ పెడ్రో అంతటి ప్రభువు ‘నన్ను చేసుకుంటావా?’ అని అడిగాడు. లేదు ప్రభూ, పనిరోజులకు ఇంకొకరుంటే తప్ప, మీరు రోజూ కట్టుకోవడానికి మరీ ఖరీదు అంది. పట్టుచీర బీరువాలో ఉండాల్సిందేనని మన అమ్మమ్మలు అనరూ, అలాగ. వెంటనే, నన్ను క్షమించండి, నాకు వేడుక మాటలే తప్ప వేరే రావు అని మన్నించమంది. ఆయన ఏమన్నాడో అది ఇంకా బాగుంటుంది: నువ్వు మౌనంగా ఉంటేనే నాకు కష్టం. కాదన్న మాటతో ఎదుటి మనిషిని చిన్నబుచ్చకపోవడం గొప్ప విద్య, అది ఆమెకు ఉంది.

నీ పల్లెకు దగ్గరలోనే నారాయణవనం ఉంది. చిన్నప్పుడు కల్యాణ వేంకటేశ్వరస్వామి గుడికి నడిచి కూడా వెళ్లి ఉంటావు. ఆకాశరాజు ఊరు అదేనని, శ్రీనివాసుడికీ పద్మావతికీ పెళ్లి అక్కడే అయిందని స్థలపురాణం. ఆ కథ ఎలా మొదలవుతుందో గుర్తు చేసుకో. ఏనుగును తరుముతూ ఉద్యానవనంలోకి వచ్చిన కొత్త మనిషిని చూసి పద్మావతి, చెలికత్తెలు రాళ్లతో తరిమారు. ఆయన గుర్రం నేలకూలింది. ఆయన కొండకు తిరిగివెళ్లి వకుళమాతను పంపాడు, తానే ఎరుకలసాని వేషం కట్టి వెళ్లాడు, కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. తిరుమలలో ఇప్పటికీ కల్యాణోత్సవం చేయించుకునే వేలమందిలో ఒక్కరైనా, రాళ్లు వేసిన పిల్ల మనకెందుకు అనుకున్నారా? మీ పెద్దమ్మగారితో ఈ మాట నెమ్మదిగా, ఆవిడ మనసు బాగున్న పూట చెప్పు.

చివరిది, నోరు మూయించడం. ఆ వాక్యం నిన్ను బాధపెట్టిందంటే నువ్వు నాటకాన్ని సరిగ్గా చదివావు. నాకూ అక్కడ మనసు చివుక్కుమంటుంది. చాలా ప్రతుల్లో బెనెడిక్ ‘ఊరుకో, నీ నోరు మూయిస్తాను’ అంటాడు, ఆ తరువాత నాటకం అయిపోయేదాకా బియాట్రిస్‌కు ఒక్క మాట లేదు. కాని రెండు సంగతులు తెలుసుకో. 1600 నాటి అచ్చు ప్రతిలో గాని, 1623 నాటి షేక్‌స్పియర్ నాటకాల సంపుటంలో గాని ఆ వాక్యం బెనెడిక్‌ది కాదు, లియొనాటోది. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక పరిష్కర్త దాన్ని బెనెడిక్‌కు మార్చాడు, అదే వాడుకలో నిలిచిపోయింది. పాత ప్రతి ప్రకారమైతే ఇంటి పెద్దాయన చనువుగా ఇద్దరినీ ఒక్కటి చేస్తున్నాడు. అదీ పెత్తనమేగా అని నువ్వు అడిగితే కాదనలేను. రెండో సంగతి: ఈ నోరు మూయించే మాట మొదట అన్నది బియాట్రిసే. రెండో అంకంలో హీరో సంబంధం ఖాయమైనప్పుడు, మాట్లాడు చెల్లీ, మాట రాకపోతే ముద్దుతో అతని నోరు మూయించు, అతన్నీ మాట్లాడనివ్వకు అంటుంది. అంటే చివర తిరిగి వస్తున్నది ఆమె సొంత మాటే. ఆ వాక్యం ఎవరు అన్నా, నువ్వు విని గుర్తుపట్టి నవ్వు. అణిగిపోయినట్టు తల వంచకు. దాని ముందు వాక్యమే చూడు, పెళ్లికి ఎలా ఒప్పుకొందో: ఎంతో బతిమాలితే ఒప్పుకుంటున్నాను, సగం నీ ప్రాణం కాపాడడానికి, నువ్వు క్షయతో చిక్కిపోతున్నావని విన్నాను మరి. ఆ మాట అన్న మనిషి గొంతు ఒక్క ముద్దుతో పోదు.

లెక్కల మాస్టారి గురించి ఇప్పుడే ఏమీ నిర్ణయించకు. ముందు క్షమాపణ అడుగు. తరువాత నాటకం పక్కన పెట్టి, వేషాల మాటలు కాకుండా మీ మాటలతో ఒక సాయంత్రం మాట్లాడుకోండి. పాత దెబ్బ సంగతి ఆయనకు చెప్పాలనిపిస్తే చెప్పు. విన్నాక ఆయన ఏం అడుగుతాడో విను. ఎవరు వాడు, నువ్వెందుకు నమ్మావు అని అడిగాడా, ఇంతసేపూ ఏడుస్తూనే ఉన్నావా అని అడిగాడా. ఏది అడిగాడో నాకు రాయి. అచ్చు వేయను.

ప్రదర్శన తేదీ కూడా తెలియజేయి. వస్తాను. ముందు వరుసలో కాదు, వెనక వరుసల్లో కూర్చుంటాను. పాచికలు అన్న మాట తరువాత నువ్వు ఆగిన ఆ ఒక్క ఊపిరి అక్కడిదాకా వస్తుందో లేదో చూడాలి.